మార్చిలో వాన పాట

నెమ్మది భాగం మొదలైంది, ఇక చాలాసేపటిదాకా తల ఎత్తాల్సిన పనిలేదు అనుకున్నాడు హన్మాండ్లు. మోకాళ్ల మధ్య నిలబెట్టిన చెల్లో కింది తీగ మీద కమానును నిదానంగా నడిపిస్తూ ఉంటే చాలు, పైన లారెన్స్ సార్ వయొలిన్ తన బాధేదో తను చెప్పుకుంటూ పోతుంది, దాని వెంట సుగుణ రెండో వయొలిన్, ఆ రెంటి నడుమ యాకూబ్ వయోలా, అన్నిటి కింద నేలలాగా తను. నేల పనికి మనసు అక్కర్లేదు, ఇరవై ఏళ్లుగా చెయ్యి దానంతట అదే చేస్తోంది. రెండు వందల ఏళ్ల కిందట ఐరోపాలో ఎవరో చలిగదిలో కూర్చుని రాసుకున్న ముక్క ఇది, సికింద్రాబాద్ చర్చి హాల్లో ఎన్నిసార్లు వాయించారో లెక్కలేదు. ఇవాళ ఆర్మూర్ మార్కెట్ యార్డులో, రేకుల షెడ్డు కింద, పసుపు బస్తాలను వెనక్కి జరిపి కట్టిన చెక్క స్టేజీ మీద వాయిస్తున్నారు. సాయంత్రం అయిదున్నర, ఎండ ఇంకా పోలేదు, షెడ్డు అంచు నుంచి ఏటవాలుగా పడుతున్న వెలుతురులో పసుపు ధూళి లేస్తోంది, ఆ ధూళి తీగల మీద కూర్చుంటోంది, వేలికొసలకు అంటుకుంటోంది, గొంతులో గరగరమంటోంది. తల ఎత్తకూడదు అనుకున్నాడు. ఎత్తాడు. ఎడమ పక్కన అయిదో కుర్చీ ఖాళీగా ఉంది, దాని ముందు పొట్టిగా దించిన మైకు ఉంది. అది కాశీరాం కుర్చీ. కాశీరాంను ఇంటి నుంచి తీసుకుపోయి నేటికి పదకొండు రోజులు. ఆ ఖాళీ కుర్చీకి సరిగ్గా ఎదురుగా, మొదటి వరసలో, ఒక మనిషి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు, తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల, ఎడమ చేతికి పెద్ద గడియారం. ఆ మనిషి హన్మాండ్లును చూసి, ఎరిగినవాళ్లను చూసినట్టు, చిన్నగా తల ఊపాడు.

ఎరిగినవాడే. జనవరిలో హైదరాబాద్‌లో కచేరీ అయిపోయాక హాలు వరండాలో టీ గ్లాసు పట్టుకుని తన దగ్గరికి వచ్చిన మనిషే. స్టేజీ ఎక్కుతుంటే, ఖాకీ మనిషి ఒకడు సెల్యూట్ కొడుతుండగా, ఆ ముఖం కనిపించి హన్మాండ్లు కాళ్లు ఒక్క క్షణం ఆగాయి, యాకూబ్ వెనక నుంచి తోశాడు, కూర్చున్నాడు, శ్రుతి చేసుకున్నాడు, వేళ్లు వాటి పని అవి చేశాయి, కానీ లోపల మాత్రం అప్పటి నుంచి ఒక్కొక్క మాటే తిరిగి వస్తోంది. ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నాడు తను. పోచన్న పాటకు జనం లేచి నిలబడ్డారు. కాశీరాం జ్వరమని రాలేదు, అతని గొంతు టేపులో వినిపించి, దాని చుట్టూ నలుగురూ వాయించారు, అయినా లేచి నిలబడ్డారు. ఆ తెల్లచొక్కా ఆయన వచ్చి ఎంతో మర్యాదగా, "గుండె పట్టేసిందండీ ఆ పాట. ఎవరు కట్టారు?" అన్నాడు. ఎవరు కట్టారు అని అడిగినవాడు అప్పటిదాకా ఒక్కడూ లేడు, అందరూ లారెన్స్ సార్ చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లిపోయేవారే, ఇన్నాళ్లకు ఒకడు అడిగాడు అని హన్మాండ్లు పొంగిపోయాడు. కాశీరాం అన్నాడు. బైండ్లాయన, ఎల్లమ్మ కథలు చెప్తాడు, జమిడిక వాయిస్తాడు అన్నాడు. అంతటితో ఆగాడా. నందిపేట్ దాటాక కాలువ పక్క ఊరు, ఊరి మొదట్లో మూడో ఇల్లు, వాకిట్లో నిలబడితే గోడకు వేలాడే జమిడిక కనిపిస్తుంది, భార్య పేరు నీలవ్వ, ఆమె కూడా వంత పాడుతుంది, పోచన్న వీళ్ల మేనల్లుడే, ఆ పిల్లగాడు పోయినప్పుడు ఈయన కట్టిన పాటే ఇది అన్నాడు. ఆ మనిషి ఒక్కొక్కదానికీ తల ఊపి, "అలాంటివాళ్లను ప్రభుత్వం గుర్తించాలండీ" అన్నాడు. గుర్తించాలి అన్నాడు. హన్మాండ్లు ఆ మాట చెల్లెలికి ఉత్తరంలో రాశాడు కూడా.

మధ్యాహ్నం మూడింటికి వ్యాను యార్డులోకి రాగానే నీలవ్వ ఎదురొచ్చింది. పొద్దుటి నుంచి గేటు దగ్గరే కూర్చున్నదట. ముఖం ఎండిపోయి చిన్నదైంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది. ఇద్దరు ఖాకీల్లో, ఇద్దరు మామూలు బట్టల్లో వచ్చారట, నంబరు లేని జీపట. పసుపు ఉడకబెట్టే దగ్గర కూలికి పోయి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడట. ఒక మాట అడగాలె రమ్మన్నారట. అటు తర్వాత ఏ ఠాణాకు పోయినా మా దగ్గర లేడన్నారు, ఆ జీపు ఎక్కడిదో మాకు తెలవదన్నారు. "తిరగని ఠాణా లేదు తమ్మీ. ఏడికి తోలుకపోయిన్రో ఒక్కడన్న చెప్తలేడు. జమిడిక గూడ తీస్కపోయిన్రు. దాంతోని ఆళ్లకేం పని?" అన్నది. ఫికర్ చెయ్యకు వదినా అన్నాడు, ఆ మాట తన చెవికే బోలుగా వినిపించింది. ఆమె అతని ముఖంలోకి చూసి, ఎవరినీ నిందించే గొంతుతో కాకుండా, వంటింట్లో పోయిన గరిటెను వెతుక్కునే మనిషిలా అడిగింది. "కాశీరాం అనేటోడు ఒకడున్నడని, గా ఇల్లే ఆయనదని, ఆళ్లకెట్ల ఎరుకైంది తమ్మీ? మా ఊరోళ్లు చెప్పరు. పోచన్న ముచ్చట ఊర్ల ఎవ్వలు తియ్యరు." ఏమో వదినా అన్నాడు హన్మాండ్లు. అప్పటికి అతనికి నిజంగానే తెలియదు. ఇప్పుడు తెలుసు. ఇప్పుడు ఆమె స్టేజీకి కుడివైపు, ఆడవాళ్ల మధ్యన, కింద చాప మీద కూర్చుని ఉంది, అక్కడ చూడటానికి తల తిప్పాలంటే మెడ రావడం లేదు.

కమాను మార్చే చోటు వచ్చింది, మార్చాడు. సుగుణ ఒక్కసారి ఇటు చూసింది, చిన్న తప్పేదో జరిగింది కాబోలు. ఆమె విజయనగరంలో కర్ణాటక సంగీతం నేర్చుకుని వచ్చి ఈ నలుగురిలో కలిసింది, ఆమె చెవి నుంచి ఏదీ తప్పించుకోదు. కాశీరాం సంగతి హన్మాండ్లు చెల్లెలి ఉత్తరంతో అందరికీ తెలుసు, మధ్యాహ్నం దారిలో వ్యాన్లోనే పేచీ పెట్టింది, ఆయన లేకుండా ఆయన పాట మనం వాయించకూడదు అన్నది. లారెన్స్ సార్ చాలాసేపు అద్దంలోంచి రోడ్డు చూసి, వాయించకపోతే ఆయన లేడని మనమే ఒప్పుకున్నట్టు అన్నాడు. దాంతో కుర్చీ, మైకు పెట్టించారు. ఆయన పాడేచోట ఏమీ వాయించకుండా ఖాళీగా వదిలేద్దామని, చివర్లో చెల్లో భాగం మాత్రం ఉంచుదామని అనుకున్నారు. చెల్లో భాగం అంటే మూడు స్వరాలు. పోచన్నా అనే పిలుపు. కాశీరాం ప్రతి చరణం చివరా ఆ పేరు పైనుంచి కిందికి జారుస్తాడు, మెట్లు దిగి వాకిట్లోకొచ్చి పిలిచినట్టుంటుంది. మూడు చరణాలయ్యాక అతను ఆగిపోతాడు, వయొలిన్లూ ఆగిపోతాయి, చెల్లో ఒక్కటే మనిషి గొంతు లేకుండా ఆ పేరును మూడుసార్లు పిలవాలి. ఆ ఆలోచన కాశీరాందే. "ఏడ్వంగ ఏడ్వంగ ఆఖరికి మనిషికి గొంతు రాదు గద తమ్మీ, గప్పుడు నీ డబ్బ పిలువాలె" అన్నాడు.

డబ్బ అనేవాడు చెల్లోను. రెండేళ్ల కిందట ఎల్లమ్మ పండుగకు నందిపేట్‌లో చెల్లెలి ఇంటికి వచ్చినప్పుడు మొదటిసారి అతని పాట విన్నాడు హన్మాండ్లు. చంకలో డోలు ముక్కలాంటి జమిడిక ఇరికించుకుని, దాని చర్మం నడుమ నుంచి లాగిన ఒక్క తీగను మీటుతూ కథ చెప్తున్నాడు, ఒక్క తీగే, చంక బిగిస్తే స్వరం పైకి, వదిలితే కిందికి. నాలుగు తీగలు, ఇంత పెద్ద కర్ర, ఇన్నేళ్ల సాధన పెట్టుకుని నేను చేస్తున్నదేమిటి అనిపించింది. జక్రాన్‌పల్లి దగ్గరి పల్లెలో పుట్టాడు తను, తండ్రి పోయాక ఎనిమిదేళ్లప్పుడు మేనమామ సికింద్రాబాద్ తీసుకుపోయాడు, ఆయన ఒక చర్చి బళ్లో వంటవాడు. అక్కడి ముసలి టీచరు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, నీకు చేతులు పొడుగున్నాయి అని చెల్లో వెనక కూర్చోబెట్టింది. ఆ ఊళ్లో మాట్లాడే మాట వేరు, వాయించే పాట వేరు, ఇంటి మాట నోట్లో మిగిలింది కానీ చేతుల్లోకి ఎప్పుడూ రాలేదు. కాశీరాం వాకిట్లో మూడు రోజులు కూర్చుంటే వచ్చింది. మొదటి రోజు పెట్టె తెరిచినప్పుడు కాశీరాం వెనక్కి జరిగాడు. "ఇదేంది తమ్మీ, మనిషిని పండవెట్టినట్టున్నది" అన్నాడు, ఆ తర్వాత నవ్వాడు, అయినా ఆ పెట్టెను ఇంట్లోకి రానీయలేదు, మూడు రోజులూ అది అరుగు మీదే ఉంది. మూడో రోజు చీకటి పడే వేళ, కథల పాటలన్నీ అయిపోయాక, నీలవ్వ లోపలికి పోయిందో లేదో చూసుకుని, గొంతు తగ్గించి, "ఇది కథల పాట కాదు. మా పోచన్నది" అని మొదలుపెట్టాడు. పోచన్న పసుపు ఉడకబెట్టే కడాయిల దగ్గర పనిచేసేవాడు, చదువుకున్నవాడు, కూలీల తరఫున అర్జీలు రాసిపెట్టేవాడు. ఒక తెల్లవారి కాలువ గట్టు మీద పడి ఉన్నాడు. పేపర్లో ఎదురుకాల్పులు అని వచ్చింది. ఇంట్లో అతని కోసం రాత్రి వండిన అన్నం అలాగే ఉంది.

ఏ గట్టు మీద కూసున్నవ్ కొడుకా, పోచన్నా. బువ్వ సల్లగైపాయె ఇంటికి రారా, పోచన్నా.

ఇట్లాగే మూడు చరణాలు. ఇందులో తుపాకి లేదు, తిట్టు లేదు, ఎవరి మీదా నేరం లేదు. ఇందులో ఏముందని భయపడాలి అనుకున్నాడు హన్మాండ్లు ఆ రోజు. కాశీరాం మాత్రం తను తెచ్చిన క్యాసెట్ రికార్డర్ మీద ఎర్ర దీపం చూసి కొంచెంసేపు ఆలోచించాడు. తర్వాత, "నా పేరు ఏడ పెట్టకు తమ్మీ. పోచన్న పేరు ఉండనీ, వాడు ఎట్లైనా లేడు గద" అన్నాడు. ఆ మాట ఇప్పుడు గుర్తుకొస్తోంది. రెండు నెలల కిందట, వరండాలో, టీ గ్లాసు ముందు ఎందుకు గుర్తు రాలేదు. పోస్టర్ల మీద ఎక్కడా ఆ పేరు వేయలేదు, అంత జాగ్రత్తగా ఉన్నాడు, కాగితం మీద జాగ్రత్తగా ఉండి నోటితో చెప్పేశాడు.

నెమ్మది భాగం అయిపోయింది. జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఆగారు, తర్వాత వెనక నుంచి మొదలై ముందుకొచ్చాయి. మూడు నాలుగు వందల మంది ఉంటారు, మాక్లూర్ నుంచి, నందిపేట్ నుంచి పసుపు తెచ్చుకుని అమ్ముడుపోక రాత్రికి ఇక్కడే ఉండబోయే రైతులు, హమాలీలు, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణాలవాళ్లు. మొదటి రెండు వరసల కుర్చీల్లో తెల్లచొక్కా ఆయన తప్ప ఎవరూ కూర్చోలేదు. కుర్చీలు ఖాళీగా ఉన్నా జనం వెనక నిలబడి ఉన్నారు. కార్యక్రమం పెట్టించిన అడ్తి సేటు గంగాదాస్ స్టేజీ పక్కకు వచ్చి, వంగి, హన్మాండ్లు చెవి దగ్గర సంబరంగా చెప్పాడు. "కాశీరాం వస్తుండు. నేనే అడిగిన, గా ముందర కూసున్న సార్‌ను. లోకం ఏమేమో అనుకుంటున్నది, ఒక్కసారి తెచ్చి చూపెట్టుండ్రి అన్న. సరే అన్నడు. మంచోడు." మాట పక్కకు పాకగానే లారెన్స్ సార్ కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నాడు. సుగుణ కమాను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. హన్మాండ్లు మాత్రం తెచ్చి చూపెట్టడం అనే మాట దగ్గరే ఆగిపోయాడు. తెచ్చి చూపెడతారు. ఇంతమంది చూస్తారు. కాశీరాం బతికే ఉన్నాడని, పాట పాడాడని రేపు ఆర్మూర్ అంతా చెప్పుకుంటుంది. ఆ తర్వాత? ఆ తర్వాత అతను ఎప్పటికీ ఇంటికి చేరకపోతే, మేము వదిలేశాం, అందరూ చూశారు కదా, ఏ అడవికి పోయాడో మాకేం తెలుసు అంటారు. ఇన్ని రోజులు ఎక్కడున్నాడు అంటే వాళ్ల దగ్గర సమాధానం లేదు. ఇవాళ్టి తర్వాత ఉంటుంది. ఆ సమాధానం తయారుచేసే చోటే తను చెల్లో పట్టుకుని కూర్చున్నాడు.

జీపు బస్తాలు తూచే కాంటా దగ్గర ఆగింది. జనం వాళ్లంతట వాళ్లే దారి ఇచ్చారు. కాశీరాంను ఇద్దరి మధ్య నడిపించుకొచ్చారు. తల వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి, ఒంటి మీద కొత్త చొక్కా, దుకాణంలో మడిచిన మడతలు ఇంకా ఛాతీ మీద అడ్డంగా కనిపిస్తున్నాయి. గడ్డం గీయించారు. జమిడిక కానిస్టేబుల్ చేతిలో ఉంది, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక చెవి పట్టుకుని కుందేలును తెచ్చినట్టు తీగ పట్టుకుని తెస్తున్నాడు. మెట్లు ఎక్కేటప్పుడు కాశీరాం ఎడమ కాలు ముందు పెట్టి, దాని పక్కనే కుడికాలు చేర్చి, మళ్లీ ఎడమ కాలు పెట్టి, ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్లు మోపి ఎక్కాడు. ఆడవాళ్లలోంచి సన్నగా ఒక శబ్దం వచ్చి ఆగిపోయింది. కాశీరాం అటు చూడలేదు. హన్మాండ్లు వైపూ చూడలేదు. కూర్చుని, చంకలో జమిడిక ఇరికించుకోబోయి, చంక ముడుచుకోక, ఇంకో వైపుకు మార్చుకున్నాడు. ఎడమ చేతివాటంతో అతను వాయించడం హన్మాండ్లు ఎప్పుడూ చూడలేదు. లారెన్స్ సార్ తల ఊపాడు, వయొలిన్లు మొదలయ్యాయి, వయోలా కలిసింది, కింద చెల్లో తన ఒక్క స్వరాన్ని పరిచింది, ఆ పరిచిన దాని మీదికి కాశీరాం గొంతు వచ్చింది.

గొంతు అదే. కొంచెం పగిలింది, అయినా అదే. ఏ గట్టు మీద అని వచ్చింది, హన్మాండ్లు వీపు మీద రోమాలు లేచాయి, పర్వాలేదు, బతికే ఉన్నాడు, పాడుతున్నాడు అనుకున్నాడు. ఆ తర్వాత ఆగినవే తల్లీ అని వచ్చింది. ఓ వానా అని వచ్చింది. పోచన్నా అనే చోట, అవే మూడు మెట్ల మీద, ఓ వానా. చేను ఎండిపాయె ఇంటికి రావే, ఓ వానా. లారెన్స్ సార్ కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు, ఆయనకు ఆ మాటలు రావు, స్వరం సరిగ్గా ఉందా లేదా అన్నదే వింటాడు, స్వరం సరిగ్గానే ఉంది. సుగుణ కమాను ఒక్క క్షణం తడబడి మళ్లీ కలిసింది. తెల్లచొక్కా ఆయన కాలి బొటనవేలితో తాళం వేస్తున్నాడు. ఆయన ఎక్కడివాడో ఈ ఊరివాడు కాదు, పాటలో మాట మార్చమన్నాడు, ఏ మాట పెట్టాలో కూడా తనే చెప్పి ఉంటాడు, రైతులంటే వాన కోసం చూస్తారు కదా అని. మార్చి నెలలో ఆర్మూర్‌లో వానను పిలిచే మనిషి ఉండడు. ఉడకబెట్టిన పసుపు ప్రతి కళ్లంలో ఆరబోసి ఉంది, ఈ యార్డులోనే షెడ్డు బయట తాడిపత్రి పట్టాల కింద గుట్టలుగా ఉంది, ఒక్క వాన పడితే ఏడాది కష్టం నల్లబడి బూజు పడుతుంది, మబ్బు కనిపిస్తే ఇళ్లలో పొయ్యి వెలగదు. హన్మాండ్లు జనం వైపు చూశాడు. పోచన్న పాట ఆ దిక్కు అందరూ లోలోపల ఎరిగిందే, అయినా ముందు వాళ్లకు అర్థం కాలేదు. ఒక ముసలాయన పక్కవాడితో ఏదో అన్నాడు. తర్వాత ఒక్కొక్కరికే అర్థమైంది, ముఖాలు ఒకదాని వెంట ఒకటి మారిపోవడం స్టేజీ మీదికి స్పష్టంగా కనిపించింది. రెండో చరణానికి షెడ్డు కింద దగ్గు కూడా వినిపించలేదు. తలపాగాలు చుట్టుకున్న మగవాళ్లు కొందరు వాటిని విప్పి చేతిలో పట్టుకున్నారు. నీలవ్వ లేచి నిలబడింది, పక్కనున్న ఆమె కొంగు పట్టి లాగింది, కూర్చోలేదు.

మూడో చరణం సగంలో ఉండగా హన్మాండ్లుకు గుర్తొచ్చింది, ఇక తన వంతు. మూడు స్వరాలు మూడుసార్లు. వాటికి మాటలు లేవు, ఎవరూ వాటిని మార్చలేదు, మార్చాలని ఆ తెల్లచొక్కా ఆయనకు తెలియను కూడా తెలియదు. తను వాయిస్తే ఈ నందిపేట్ దిక్కు జనంలో ఆ పేరు వినపడనివాడు ఉండడు. ఒక్కడు పెదవి కదిపినా చాలు, నాలుగు వందల మంది అంటారు, పోచన్నా అంటారు, ఆ షెడ్డు రేకులు మోగుతాయి. కమాను ఆ తీగ మీదికి జరిగింది. కావాలి అనిపించింది అతనికి, ఒళ్లంతా కావాలి అనిపించింది, వరండాలో తను చెప్పిన పేరు ఒకవైపు ఉంటే ఈ పేరు ఇంకోవైపు పెట్టి తూచుకోవాలి అనిపించింది. ఆ తర్వాత కాశీరాం ఏమవుతాడు? తను వ్యానెక్కి సికింద్రాబాద్ పోతాడు. కాశీరాం జీపెక్కుతాడు. ఓ వానా అని చివరిసారి జారి కాశీరాం ఆగాడు. వయొలిన్లు ఆగాయి. అప్పుడు, వచ్చినప్పటి నుంచి మొదటిసారిగా, కాశీరాం మెడ తిప్పి హన్మాండ్లును చూశాడు. కళ్ల కింద నల్లగా వాచి ఉంది. ఏమీ అనలేదు, కనురెప్పలు మాత్రం నెమ్మదిగా మూసి తెరిచాడు, తల అంగుళం కూడా కదలకుండా, వద్దు అన్నాడు. హన్మాండ్లు కమాను ఎత్తేశాడు. ఎత్తి మోకాలి మీద పెట్టుకున్నాడు. లారెన్స్ సార్ కళ్లు తెరిచి, నీ భాగం అన్నట్టు చూశాడు. హన్మాండ్లు కదలలేదు. షెడ్డు కింద అంతమంది నోళ్లు బిగించుకుని, ఆ మూడు పిలుపులూ పట్టేంతసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత తెల్లచొక్కా ఆయన ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

గంగాదాస్ దండ తెచ్చాడు. అది కాశీరాం మెడలో పడేలోపే ఆ ఇద్దరూ అతన్ని లేపి జీపెక్కించారు. తెల్లచొక్కా ఆయన స్టేజీ దగ్గరికి వచ్చి, "చాలా బావుందండీ, వాన పాట" అని హన్మాండ్లుతో అన్నాడు, "మీరు ఆ రోజు చెప్పకపోతే ఇంత మంచి కళాకారుడు మాకు తెలిసేవాడే కాదు." నీలవ్వ అప్పటికే జీపు ముందుకు వెళ్లి నిలబడింది. ఆయన అక్కడికి రాగానే, "ఎప్పుడిడుస్తరు సార్?" అని అడిగింది. "రేపు మాట్లాడుకుందాం అమ్మా, పక్కకు జరుగు" అన్నాడు ఆయన. రేపు అనే మాట వినగానే హన్మాండ్లు లేచాడు. చెల్లోను యాకూబ్ చేతుల్లో పెట్టాడు, పెట్టడం అతనికి గుర్తులేదు, మెట్లు దిగడం గుర్తులేదు, జీపు వెనక మెట్టు మీద కాలు పెట్టి, కాశీరాం పక్కన కూలబడ్డాక మాత్రం, సీటు వేడిగా ఉందని తెలిసింది.

"మీరెక్కడికండీ?" అన్నాడు తెల్లచొక్కా ఆయన, గొంతులో కోపం లేదు.

"కాశన్నతోని వస్త సార్."

"అవసరం లేదు. మేం చూసుకుంటాం."

"పొద్దుగాల హైదరాబాద్‌ల రేడియో రికార్డింగ్ ఉన్నది సార్, మా ఇద్దరిది. ఆయన రాకుంటే ఏడున్నడని వాళ్లు అడుగుతరు. నేను గాడ ఏమని చెప్పాలె?" రికార్డింగూ లేదు, ఏమీ లేదు. అబద్ధం ఇంత నున్నగా వస్తుందని హన్మాండ్లుకు అంతకుముందు తెలియదు. తెల్లచొక్కా ఆయన చుట్టూ చూశాడు. జనం కదలకుండా నిలబడి ఉన్నారు. వెనక నుంచి లారెన్స్ సార్ గొంతు వినిపించింది, వచ్చీరాని తెలుగులో, చర్చిలో మాట్లాడేంత నెమ్మదిగా. "అవును. రికార్డింగ్. మేం వ్యాన్‌లో మీ వెనకే వస్తాం. ఈ అమ్మగారిని కూడా తీసుకొస్తాం." సుగుణ అప్పటికే నీలవ్వ చెయ్యి పట్టుకుని వ్యాను వైపు నడిపిస్తోంది. తెల్లచొక్కా ఆయన గడియారం చూసుకుని, ముందు సీట్లో కూర్చున్నాడు.

యార్డు గేటు దాటేసరికి వెలుతురు తగ్గింది. గుట్ట మీది నల్లరాళ్లు ఆకాశంలో కలిసిపోతున్నాయి. కాశీరాం చొక్కా లోపల నుంచి ఏదో దవాఖాన వాసన, దాని కింద పాత చెమట వాసన. హన్మాండ్లు చాలాసేపు నాలుక తడుపుకుని, ఇంజను చప్పుడు మాటున అన్నాడు. "నీ పేరు చెప్పింది నేనే కాశన్నా. హైదరాబాద్‌ల. మంచిగ అడిగిండని చెప్పిన."

"ఎరుకే" అన్నాడు కాశీరాం. "మొదటి రోజే చెప్పిండు నాకు గీ సారు." జమిడిక ఒళ్లో సర్దుకుని, "పాట మస్తుగున్నదని చెప్పినవంట గద" అన్నాడు. ఆ గొంతులో ఏముందో హన్మాండ్లు ఎంత వెతికినా దొరకలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పక్కకు జరిగి ఉన్నా బాగుండేది. కాశీరాం జరగలేదు, గతుకు వచ్చినప్పుడల్లా అతని భుజం వచ్చి తన భుజానికి తగులుతోంది, తగిలినప్పుడల్లా పళ్ల మధ్య నుంచి ఊపిరి పీలుస్తున్నాడు. ఎక్కడో విరిగి ఉంది. "నువ్వెందుకెక్కినవ్?" అని అడిగాడు తర్వాత. హన్మాండ్లు వెనక్కి తిరిగి వ్యాను కోసం చూశాడు.

చౌరస్తాలో డ్రైవరు బండి నెమ్మది చేశాడు. ఎడమకు పోతే మాక్లూర్, నిజామాబాద్, అక్కడ కోర్టు ఉంది, వకీళ్లున్నారు, పేపరువాళ్లున్నారు. కుడికి పోతే నందిపేట్, అదీ దాటితే కాలువ, గోదావరి ఒడ్డు, ఏడింటి తర్వాత మనిషి తిరగని పొలాలు. డ్రైవరు అప్పటికే కుడివైపు దీపం వేశాడు. ఎవరూ చెప్పకుండానే వేశాడంటే ముందే అనుకున్న దారి అది. హన్మాండ్లు జీపు పైన ఇనుప కడ్డీని పట్టుకున్నాడు, పట్టుకుని ఏం చేస్తాడో అతనికి తెలియదు, దూకుతాడా, అరుస్తాడా, నాలుగు వందల మంది ముందు వాయించని చేతులు ఈ చీకట్లో ఏం చేస్తాయి. అప్పుడు జీపు లోపల వెలుతురు పడింది. వెనక వ్యాను వచ్చి ఆగింది, రెండు దీపాలూ నిండుగా వేసి, ఇంత దగ్గరగా. ముందు అద్దంలో తెల్లచొక్కా ఆయన కళ్లు కనిపించాయి. ఆ కళ్లు వ్యానును చూశాయి, హన్మాండ్లును చూశాయి, మళ్లీ వ్యానును చూశాయి. ఒక లారీ వచ్చి, హారన్ కొట్టి, తప్పుకుని పోయింది. డ్రైవరు, "సార్, పోనియ్యాల్నా?" అన్నాడు. ఆయన జేబులోంచి సిగరెట్ తీశాడు, వెలిగించుకోలేదు, వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. ఎంతసేపో. ఆ మనిషి కోపంలో లేడు, భయంలో లేడు, ఎటుపోతే రేపు తక్కువ కాగితాలు రాయాల్సి వస్తుందో చూసుకుంటున్నాడు అంతే. ఒక మనిషి ప్రాణం అంత చిన్న పని మీద ఆగి ఉంది.

"నిజామాబాద్" అన్నాడు ఆయన చివరికి.

డ్రైవరు కుడి దీపం ఆర్పి, బండిని ఎడమకు తిప్పాడు. వ్యాను దీపాలు వెంటే తిరిగాయి. హన్మాండ్లు కడ్డీ వదలాలని చూశాడు, వేళ్లు రాలేదు, ఇంకో చేత్తో ఒక్కొక్కటే విప్పుకోవాల్సి వచ్చింది. మాక్లూర్ వచ్చింది. ఊరు దాటాక కాశీరాం మంచినీళ్లు అడిగాడు. కానిస్టేబుల్ సీటు కింద నుంచి సీసా తీసి, ముందు సీటు వైపు ఒకసారి చూసి, అతనికి అందించాడు.